మెడ కణానికి తాను మెడ కణమని ఎప్పుడు తెలుస్తుంది? పిండంలో తల నుంచి తోక దాకా స్థానం ఖరారయ్యే తీరు

ప్రశ్నల_బుట్ట (సోమవారం, రాత్రి 9:14)

అందరికీ నమస్కారం. డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను. ఒక విషయం ఎంత చదివినా మింగుడు పడటం లేదు. ఫలదీకరణ జరిగిన రెండు వారాలకు మానవ పిండం అంటే చదునైన బిళ్ళ. పై పొరలోని కణాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, డీఎన్‌ఏ ఒకటే. మరో రెండు వారాలు తిరిగేసరికి ఆ కణాల సంతానంలో కొన్ని మెడ వెన్నుపూసలకు, కొన్ని పక్కటెముకలు మోసే ఛాతీ పూసలకు, కొన్ని నడుముకు సిద్ధమైపోయి ఉంటాయి. "దీన్ని హాక్స్ జన్యువులు నిర్ణయిస్తాయి" అని మా పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంతో సరిపెట్టింది. సరే, ఏ హాక్స్ జన్యువును తెరవాలో, అంటే పనిలో పెట్టాలో, ఆ కణానికి చెప్పేదెవరు? అక్కడే ఆగిపోయాను.

జువాలజీ_మాస్టారు (సోమవారం, రాత్రి 10:02)

నాయనా, ప్రశ్న సరైన చోట పెట్టావు. ముందు హాక్స్ సంగతి కాస్త చూద్దాం.

ఒక అవయవం ఉండాల్సిన చోట ఇంకో అవయవం మొలవడాన్ని విలియం బేట్సన్ 1894లోనే గుర్తించి దానికి హోమియోసిస్ అని పేరు పెట్టాడు. పండ్ల ఈగలో మీసం మొలవాల్సిన చోట కాలు మొలుస్తుంది. రెక్కలు ఒక జతకు బదులు రెండు జతలు వస్తాయి. ఎడ్వర్డ్ లూయిస్ దశాబ్దాల పాటు ఈ ఈగల మీదే పనిచేసి 1978లో ఒక వింత సంగతి బయటపెట్టాడు. ఇలాంటి మార్పులకు కారణమయ్యే జన్యువులు క్రోమోజోము మీద ఏ వరుసలో ఉన్నాయో, ఈగ శరీరంలో అవి పనిచేసే భాగాలూ ముందు నుంచి వెనక్కి అదే వరుసలో ఉన్నాయి. 1995లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1983, 84 నాటికి ఈ జన్యువులన్నిటిలో హోమియోబాక్స్ అనే ఉమ్మడి ముక్క దొరికింది. అదే ముక్క కప్పలో, ఎలుకలో, మనిషిలో కూడా కనబడింది.

ఇవే హాక్స్ జన్యువులు. మనకు ఇవి 39. ఏ, బీ, సీ, డీ అనే నాలుగు గుంపులుగా 7, 17, 12, 2 క్రోమోజోముల మీద ఉన్నాయి. ఒక్కో గుంపులో 1 నుంచి 13 దాకా వరుస నంబర్లు. ఏ గుంపులోనూ పదమూడూ పూర్తిగా లేవు, అక్కడక్కడా ఖాళీలున్నాయి. చిన్న నంబర్లు మెదడు వెనక భాగం, మెడ వైపు. పెద్దవి నడుము కింద.

ఇక నీ ప్రశ్న. ఏది తెరవాలో ఎవరు చెబుతారు అని అడిగావు. ఎప్పుడు తెరుచుకుంటాయి అని అడిగి చూడు, దారి దొరుకుతుంది. 1 ముందు తెరుచుకుంటుంది, తర్వాత 2, ఆ తర్వాత 3, అలా 13 దాకా. స్థలంలో ఉన్న వరుసే కాలంలోనూ ఉంది. మిగతాది రోజూ ఈ కణాలతో పనిచేసే మూలకణం_27 గారు చెబితే బాగుంటుంది.

మూలకణం_27 (సోమవారం, రాత్రి 11:37)

పిలిచినందుకు ధన్యవాదాలు మాస్టారు. వివరంగా రాస్తాను, ఇది నాకు ఎంతో ఇష్టమైన విషయం.

రెండు వారాలు నిండాక ఆ బిళ్ళకు ఒక చివర, అంటే రేపు తోక వైపు కాబోయే చివర, సన్నటి గాడి పడుతుంది. ప్రిమిటివ్ స్ట్రీక్ అంటారు దాన్ని. పై పొరలోని కణాలు పక్క కణాలతో ఉన్న పట్టు వదిలేసి ఈ గాడి దగ్గరికి జరిగి, లోపలికి దిగి, కింద పరుచుకుంటాయి. ఎముక, కండరం, గుండె, రక్తం, పేగు లోపలి పొర, అన్నీ ఇలా దిగిన కణాల నుంచే వస్తాయి.

ఈ దిగడం ఒక్కసారిగా జరగదు, రోజుల తరబడి సాగుతుంది. ముందు దిగినవి తల, గుండె వైపు చేరతాయి. తర్వాత దిగినవి మెడ, ఆ తర్వాతివి ఛాతీ, చిట్టచివరివి నడుము, తోక. గాడి క్రమంగా వెనక్కి కుంచించుకుపోతూ ఉంటుంది, అది వదిలి వెళ్ళిన కణాలతో శరీరం ముందు నుంచి వెనక్కి పొడుగవుతూ ఉంటుంది.

ఇప్పుడు మాస్టారు చెప్పింది దీనికి కలపండి. గాడి దగ్గర, ఆ తర్వాత తోక మొగ్గలో, ఇంకా బయటికి వెళ్ళని కణాల్లో హాక్స్ జన్యువులు ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతాయి. 5 తెరుచుకున్న దశలో బయటపడ్డ కణం 5తోనే వెళుతుంది. లోపలే ఉండిపోయినది 6, 7, 8 అంటూ ముందుకు సాగుతుంది. ప్రవేశద్వారం దగ్గర చేతి మీద గంట గంటకూ మారే ముద్ర వేస్తే, ఎవరు ఎప్పుడు దాటారో ఆ ముద్రే చెబుతుంది కదా. కణం మీద పడే ముద్ర హాక్స్ కలయిక. కణం గాడిని ఎంత ఆలస్యంగా దాటితే అంత వెనక భాగానికి చెందుతుంది.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. కణానికి తన చోటు ఎక్కడో ఎవరూ చూపించరు. అది బయలుదేరిన వేళే చోటుగా మారుతుంది. ముందూ వెనకా అనే తేడాను మన శరీరం కాలంతో కొలుచుకుంటుంది.

హాక్స్ వరుసను మొదలుపెట్టేదీ సాగనిచ్చేదీ తోక వైపు బలంగా ఉండే డబ్ల్యూఎన్‌టీ, ఎఫ్‌జీఎఫ్ అనే ప్రోటీన్ సంకేతాలు. ముందు వైపు, అప్పటికే ఏర్పడిన సోమైట్ల (రేపు పూసలు కాబోయే ముక్కల) నుంచి, విటమిన్ ఏతో తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం వస్తుంది. కణం తోక సంకేతాల పరిధి దాటి ఈ ఆమ్లం పరిధిలోకి వచ్చిందంటే దాని వరుస అక్కడితో ఆగిపోతుంది.

ఆధారం_చూపండి (మంగళవారం, ఉదయం 6:50)

చక్కగా రాశారు. నాది ఒక్కటే అభ్యంతరం. ఇందులో మనిషిలో చూసింది ఎంత, ఎలుకలో, కోడిలో చూసి మనిషికి అన్వయించింది ఎంత? ప్రిమిటివ్ స్ట్రీక్ దశలో ఆ స్త్రీకి గర్భం వచ్చిన సంగతే తెలిసీ తెలియకుండా ఉంటుంది. ప్రయోగశాలలో పిండాన్ని 14 రోజులు దాటి పెంచకూడదన్న నియమం బ్రిటన్‌లో 1990 నుంచి చట్టం, చాలా దేశాల్లో ఆచారం. సరిగ్గా ఆ నియమం ఆపమన్న చోటే మీ కథ మొదలవుతోంది. మరి చూసిందెవరు?

మూలకణం_27 (మంగళవారం, ఉదయం 8:25)

అడగాల్సిన మాటే అడిగారు. మూడు వైపుల నుంచి ఆధారం ఉంది.

ఒకటి, నేరుగా చూసింది. 2021లో ఆక్స్‌ఫర్డ్‌లో శంకర్ శ్రీనివాస్ బృందం, గర్భస్రావం చేయించుకున్న ఒక మహిళ అనుమతితో దానమిచ్చిన ఒకే ఒక్క పిండాన్ని పరిశీలించింది. వయసు 16 నుంచి 19 రోజుల మధ్య. దాన్ని ముందు భాగం, వెనక భాగం, పచ్చసొన సంచి అని విడదీసి, వెయ్యికి పైగా కణాల్లో ఒక్కో కణం ఏ జన్యువులను వాడుతోందో చదివారు. పై పొర కణం గాడి కణంగా, గాడి కణం మధ్యపొర (గాడిలోంచి దిగి మధ్యలో పరుచుకునే పొర) కణంగా మారే దారి మనిషిలోనే కనబడింది. అలాంటి పిండం దొరకడం ఎంత అరుదో ఈ రంగంలో ఉన్నవాళ్ళకు తెలుసు.

రెండు, గ్యాస్ట్రులాయిడ్లు. 2020లో నవోమి మోరిస్, అల్ఫోన్సో మార్టినెజ్ అరియాస్ బృందం మానవ మూలకణాలను చిన్న ఉండలుగా చేసి, డబ్ల్యూఎన్‌టీ సంకేతాన్ని రేపితే, మూడు రోజుల్లో ఆ ఉండ ఒక వైపు సాగి ముందూ వెనకా ఏర్పరచుకుంది. చుట్టూ గర్భాశయం లేదు, మావి లేదు. అయినా అది తన అక్షాన్ని తానే గీసుకుంది. అది పిండంగా ఎదగలేదు కాబట్టి 14 రోజుల నియమం దానికి అదే రూపంలో వర్తించదు.

మూడోది నాకు అన్నిటికంటే దగ్గరిది. మేము వెన్నుపాము నాడీకణాలు తయారుచేస్తాం. ఒకే సీసాలోని మానవ మూలకణాలను ప్లేటులోని వెల్స్‌లో, అంటే చిన్న గుంటల్లో, పరిచి అన్నిటికీ డబ్ల్యూఎన్‌టీ, ఎఫ్‌జీఎఫ్ ఇస్తాం. కణాలు పెరిగే ద్రవం (మీడియా) ఒకటే, వెచ్చదనం ఒకటే. ఒక వెల్‌లో త్వరగా రెటినోయిక్ ఆమ్లం పోస్తాం, పక్క వెల్‌లో ఆలస్యంగా పోస్తాం. త్వరగా పోసినచోట మెడ ప్రాంతపు హాక్స్ జన్యువులు కనబడతాయి, హాక్స్‌సీ9 (సీ గుంపులోని 9) జాడ ఉండదు. ఆలస్యమైన వెల్‌లో హాక్స్‌సీ9 కనబడుతుంది, అంటే ఛాతీ. ఇంకా ఆగి జీడీఎఫ్11 అనే ప్రోటీన్ కలిపితే హాక్స్ 10, 11 దాకా వెళ్ళి నడుము ప్రాంతం వస్తుంది. ఈ పద్ధతిని 2015లో విస్కాన్సిన్ పరిశోధకులు క్రమబద్ధంగా చూపించారు. ఆ వెల్స్ మధ్య ఉన్న తేడా రెటినోయిక్ ఆమ్లం పోసిన సమయమే. అవి మానవ కణాలే, ఎలుకవి కావు.

ఎక్స్‌రే_గది (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

రేడియాలజిస్టుగా నా వంతు. ఈ ముద్ర ఒక మెట్టు జరిగితే ఏమవుతుందో నేను ఫిల్ముల మీద చూస్తుంటాను.

మెడలో 7 పూసలు, ఛాతీలో 12, నడుములో 5 అన్నది మామూలు లెక్క. కొందరిలో ఏడో మెడ పూసకు చిన్న పక్కటెముక మొలిచి ఉంటుంది. నూటికి ఒకరు లేదా అంతకంటే తక్కువ. చేయి తిమ్మిరెక్కుతోందని వచ్చిన మనిషి ఛాతీ ఎక్స్‌రేలో కాలర్ ఎముక పైన కొక్కెంలా కనబడుతుంది. పూసల సంఖ్య మారలేదు. ఏడో పూస తాను ఎనిమిదో పూసనన్నట్టు ప్రవర్తించిందంతే. ఇంకొందరిలో చివరి నడుము పూస దాని కిందుండే త్రికాస్థి అనే ఎముకతో అతుక్కుపోయి ఉంటుంది. వెన్ను ఆపరేషన్‌కు ముందు పై నుంచి పూసలు లెక్కపెట్టమని మేము పట్టుబట్టేది ఇందుకే.

హాక్స్‌తో దీనికి ఉన్న సంబంధం ఎలుకల్లో స్పష్టం. 2003లో వెల్లిక్, కపెక్కి కలిసి హాక్స్ 10 జన్యువులన్నిటినీ తీసేస్తే నడుము పూసలకు పక్కటెముకలు మొలిచాయి. హాక్స్ 11 తీసేస్తే త్రికాస్థి ఏర్పడక నడుము పూసల్లాంటివి వచ్చాయి. అంటే పక్కటెముక మొలవకుండా ఆపడం హాక్స్ 10 పని.

ఇంకొకటి, ఇది కాస్త బాధ కలిగించే సంగతి. పుట్టకముందే చనిపోయిన పిండాల్లో మెడ పక్కటెముకలు బతికున్నవారితో పోలిస్తే చాలా ఎక్కువగా కనిపిస్తాయని ఫ్రీట్సన్ గాలిస్ బృందం చూపింది. ఆ చిన్న ఎముక వల్ల ప్రాణం పోయిందని కాదు. ఆ దశలో వరుస తప్పితే దానితో పాటు ఇంకా చాలా తప్పుతాయి. జిరాఫీ నుంచి తిమింగలం దాకా క్షీరదాల్లో మెడ పూసలు 7గానే ఉండటానికి ఇదే కారణమని ఆమె వాదన. చెట్లకు వేలాడే స్లాత్‌లు, నీళ్ళలో బతికే మనాటీలు మాత్రం మినహాయింపు.

ప్రశ్నల_బుట్ట (మంగళవారం, సాయంత్రం 5:48)

డాక్టరు గారూ, ఆ ఫిల్ము వర్ణనతో చాలా తేలికగా అర్థమైంది. ఇంకో రెండు అడుగుతాను. పూసల సంఖ్యను కూడా హాక్సే నిర్ణయిస్తాయా? ముద్ర పడేది పూస ఏర్పడక ముందా, తర్వాతా?

జువాలజీ_మాస్టారు (మంగళవారం, రాత్రి 8:10)

సంఖ్యది వేరే యంత్రాంగం. వెన్నుపాముకు రెండు వైపులా మధ్యపొర ముక్కలు ముక్కలుగా తెగుతుంది, ఆ ముక్కలే సోమైట్లు. ఒక్కో ముక్క తెగడానికి కణాల్లో జన్యువులు లయగా ఆడుతూ ఆగుతూ ఉంటాయి. హెస్7 వాటిలో ముఖ్యమైనది. ఒక్కో విడతకు కోడిలో 90 నిమిషాలు, ఎలుకలో రెండు గంటలకు పైచిలుకు, మనిషిలో దాదాపు 5 గంటలు. మనిషి లెక్క 2020 ప్రాంతంలో మూలకణాల ద్వారానే తేలింది. మానవ హెస్7 భాగాన్ని ఎలుక కణంలో పెడితే అది ఎలుక వేగంతోనే ఆడింది. వేగం జన్యువులోని అక్షరాల్లో లేదు, ఆ కణంలో ప్రోటీన్లు తయారై కరిగిపోయే తీరులో ఉంది. నాకైతే ఈ ఫలితం చదివిన రోజు నిద్ర పట్టలేదు.

పాములో ఈ లయ శరీరం పెరిగే వేగంతో పోలిస్తే చురుకైనది, అందుకే 300కు పైగా పూసలు.

రెండో ప్రశ్నకు కోడి పిండం జవాబు చెప్పింది. 1970ల్లో ఫ్రాన్స్‌లో మాడెలైన్ కీనీ బృందం ఛాతీ ప్రాంతంలోని, ఇంకా సోమైట్లుగా తెగని కణజాలాన్ని తీసి మెడ ప్రాంతంలో అతికించింది. మెడలో పక్కటెముకలు మొలిచాయి! అంటే ముక్కగా తెగకముందే ముద్ర పడిపోయింది. కొత్త ఇరుగుపొరుగు దాన్ని మార్చలేకపోయారు. 2005లో మోయిసెస్ మాయో బృందం ఎలుకలో దీన్ని ఇంకోవైపు నుంచి చూపింది. హాక్స్‌ఏ10ను సోమైట్లు తెగకముందే తెరిస్తే ఛాతీలో పక్కటెముకలు మొలవలేదు. తెగిన తర్వాత తెరిస్తే ఆ ప్రభావం లేదు.

తాళంచెవి (మంగళవారం, రాత్రి 10:44)

క్రోమోజోము లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. నాకు అసలు అందమంతా అక్కడే ఉంది.

మొదట హాక్స్ గుంపు మొత్తం మూసి ఉంటుంది. పాలీకోంబ్ ప్రోటీన్లు హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ల) మీద గుర్తులు పెట్టి బిగించి ఉంచుతాయి. డబ్ల్యూఎన్‌టీ తగలగానే 1 ఉన్న చివర విడివడుతుంది. మరి మొత్తం ఒకేసారి విప్పుకోకుండా ఆపేది ఏమిటి? గుంపు మధ్యలో వరుసగా సీటీసీఎఫ్ అనే ప్రోటీన్ అంటుకునే చోట్లున్నాయి. కోహెసిన్ అనే ఉంగరం డీఎన్‌ఏను లాగుతూ వస్తుంది. ఒక్కో సీటీసీఎఫ్ దగ్గర అడ్డు తగిలి, కాసేపటికి దాటి, తర్వాతి అడ్డు దాకా వెళుతుంది. దాటిన ప్రతిసారీ ఇంకో జన్యువు తెరుచుకుంటుంది. డెనిస్ డుబూల్ బృందం 2023లో ఎలుక గ్యాస్ట్రులాయిడ్లలో ఈ అడ్డులను తొలగించి చూసింది. కొన్ని జన్యువులు వేళకు ముందే తెరుచుకున్నాయి. మూలకణం గారు అన్న "వేళ"ను కొలిచే పరికరం బయట ఎక్కడో లేదు, డీఎన్‌ఏ పోగు మీదే ఉంది.

కొత్త_సభ్యురాలు (బుధవారం, ఉదయం 7:15)

నేను సైన్సు చదవలేదు, కానీ మొత్తం చదివాను. మొటిమలకు మందు రాసేటప్పుడు డాక్టరు ముందు గర్భ పరీక్ష చేయించుకోమన్నారు. ఆ మందుకూ మీరు చెబుతున్న రెటినోయిక్ ఆమ్లానికీ సంబంధం ఉందా అండీ?

ఎక్స్‌రే_గది (బుధవారం, ఉదయం 9:03)

చాలా దగ్గరి సంబంధం ఉందమ్మా. అది ఐసోట్రెటినాయిన్ అయి ఉంటుంది, అది రెటినోయిక్ ఆమ్లానికే మరో రూపం. పిండం దాన్ని తన సొంత సంకేతంగానే తీసుకుంటుంది. ఏ చోట, ఎంత మోతాదులో ఉండాలో పిండం కట్టుదిట్టంగా చూసుకుంటుంది. ఒకచోట తయారుచేసే ఎంజైము, వేరేచోట కరిగించే ఎంజైము పెట్టుకుని మరీ. మందు రూపంలో వచ్చింది ఆ హద్దులన్నీ చెరిపేస్తుంది. మెదడు వెనక భాగం, చెవులు, దవడ, గుండె దెబ్బతిన్న శిశువుల వివరాలు 1985లోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. 1991లో కెసెల్, గ్రూస్ ఎలుకలకు దీన్ని గర్భం ఏడో రోజు దాటాక ఇస్తే వెన్నుపూసలు వెనకటి పూసల రూపం తీసుకున్నాయి, ఎనిమిదో రోజు దాటాక ఇస్తే ముందటి పూసల రూపం. ఒక్క రోజు తేడాతో ఫలితం తలకిందులైంది.

మీ డాక్టరు చెప్పింది తప్పకుండా పాటించండి. గర్భం వచ్చే అవకాశం ఉంటే మందు మొదలుపెట్టకముందే వారితో మాట్లాడండి.

ఆధారం_చూపండి (బుధవారం, మధ్యాహ్నం 12:20)

మూడు ఆధారాలూ చదివాను, వెల్స్ ప్రయోగం బలంగా ఉంది. అయినా రెండు అడుగుతాను. తల సంగతేమిటి? హాక్స్ 1 కూడా మెదడు వెనక భాగం నుంచే కదా మొదలయ్యేది. ఇంకొకటి, వెన్నుపాము పై అంచున పుట్టే నాడీ శిఖర కణాలు పుట్టిన చోట ఉండవు, దూరాలకు వలసపోతాయి. బయలుదేరిన వేళే చోటు అయితే, చోటు మారిన కణం ఏం చేస్తుంది?

మూలకణం_27 (బుధవారం, రాత్రి 9:55)

తలకు హాక్స్ లేవు. ముందు మెదడు, మధ్య మెదడులో ఓటీఎక్స్2 లాంటి జన్యువులు పనిచేస్తాయి. అక్కడ కావలసింది డబ్ల్యూఎన్‌టీ సంకేతం చేరకపోవడం. పిండం ముందు చివర కింది పొరలోని కణాలు ఆ సంకేతాలను అడ్డుకునే ప్రోటీన్లు విడుదల చేస్తాయి. వాటిలో డీకేకే1ను ఎలుకలో తీసేస్తే తల ముందు భాగమే ఏర్పడదు. ప్రయోగశాలలో పెంచిన మానవ పిండాల్లో గాడి పడకముందే, 9వ రోజు ప్రాంతంలోనే, కింది పొరలో ఒక పక్క ఇలాంటి కణాలు చేరి ఉన్నట్టు 2021లో కనబడింది. అంటే ముందు ఏదో వెనక ఏదో తేలడం గాడి కంటే ముందే మొదలవుతోంది. 2020 నాటి మానవ గ్యాస్ట్రులాయిడ్లలో ముందు మెదడు ఏర్పడకపోవడానికీ ఇదే కారణమని నా అభిప్రాయం. మొత్తం ఉండకు డబ్ల్యూఎన్‌టీ ఇచ్చాం కదా. కాబట్టి నేను మొదట రాసిన కాలం లెక్క మెదడు వెనక భాగం నుంచి కిందికి వర్తిస్తుంది, తలకు వేరే లెక్క.

వలస కణాల మీద మీ ప్రశ్నకు 2024లో మానవ పిండాల నుంచే జవాబు వచ్చింది. 5 నుంచి 13 వారాల పిండాల వెన్ను ప్రాంతాన్ని పై నుంచి కిందికి ముక్కలు చేసి, ఒక్కో కణంలో హాక్స్ జన్యువులను చదివారు. ఎముక, మృదులాస్థి, కండరం లాంటి కదలని కణాల్లో వరుస ఊహించినట్టే ఉంది. నాడీ శిఖరం నుంచి వచ్చిన కణాల్లో మాత్రం రెండు ముద్రలు కనబడ్డాయి. పుట్టిన చోటి హాక్స్ కలయికను అవి వదులుకోలేదు, చేరిన చోటి కలయికనూ అందుకున్నాయి.

అందుకే మీరు అడిగిన రెండోదానికి "బయలుదేరిన వేళ" అన్న జవాబు సరిపోదు, గమ్యం కూడా రాస్తోంది. ఆ రాత ఏ సంకేతంతో జరుగుతోందన్నదే ఇప్పుడు పట్టుకోవాల్సింది.

తాళంచెవి (బుధవారం, రాత్రి 11:08)

దీనికి ఒకటి కలుపుతాను. ఆ ముద్ర పుట్టాక కూడా చెరగదు. పెద్దవాళ్ళ చర్మంలోని ఫైబ్రోబ్లాస్టులను (చర్మం లోపలి పొరను కట్టే కణాలను) తీసి ప్లేటులో పెంచితే, శరీరంతో సంబంధం తెగిపోయి ఎన్నిసార్లు విభజన చెందినా, అవి అరికాలివా పొట్టవా అన్నది హాక్స్ చూసి చెప్పవచ్చు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ రిన్, హోవర్డ్ చాంగ్ 2006లో దీన్ని చూపారు. అరికాలి ఫైబ్రోబ్లాస్టులు హాక్స్‌ఏ13ను ఇంకా తెరిచే ఉంచుతాయి. దాని వల్లే పైనున్న చర్మం అరచేతికీ అరికాలికీ ప్రత్యేకమైన కెరాటిన్ 9 అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది.

ప్రశ్నల_బుట్ట (గురువారం, ఉదయం 6:32)

అరికాలి చర్మం మందంగా ఉండటానికి పిండ దశలో పడ్డ ముద్ర కారణమా! మరి కాలు, చేయి పెరిగేటప్పుడు హాక్స్ మళ్ళీ వాడుకుంటాయా? 13 తోక దగ్గరిది కదా, వేలి కొసకు ఎలా వచ్చింది?

జువాలజీ_మాస్టారు (గురువారం, ఉదయం 7:40)

మళ్ళీ వాడుకుంటాయి నాయనా. చేయి మొగ్గలో 9, 10 భుజం వైపు, 11 మోచేయి కింద, 13 అరచేతిలో, వేళ్ళలో. హాక్స్‌డీ13లో మార్పు వస్తే వేళ్ళు అతుక్కుని, ఎక్కువై పుట్టే జబ్బు వస్తుందని 1996లో కుటుంబాల్లో తేలింది. హాక్స్‌ఏ13లో మార్పు వస్తే చేతులు, పాదాలు, జననాంగాలు మూడూ దెబ్బతింటాయి. ఒకే జన్యువు శరీరం చివరా, చేయి చివరా పనిచేస్తోందనడానికి అంతకంటే సూటి సాక్ష్యం అక్కర్లేదు. కానీ కాళ్ళు చేతుల్లో హాక్స్‌డీని తెరిచే స్విచ్చులు వేరు, గుంపుకు రెండు వైపులా దూరంగా ఉంటాయి. దానికి కొత్త చర్చ తెరువు, తాళంచెవి గారూ నేనూ అక్కడికి వస్తాం.